విద్యార్థుల రేడియో రూపకములు

మా ఔరాదు తాలూకా కర్ణాటక రాష్ట్రమునకు ఉత్తరపు కొస. ఒకవైపు మహారాష్ట్రము, మరియొకవైపు తెలంగాణము. సంతలో ఒక గడియ నిలుచున్నచో కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగును చెవినిబడును. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము నారాయణఖేడు, జహీరాబాదు సీమలును మా బీదరు జిల్లాలోనివే. ఆ దినమున అవి మెదకు జిల్లాలో చేరినవి. మేము మైసూరు రాష్ట్రమున చేరితిమి. బంధువులు ఆవల, మేము ఈవల. నా తెలుగు బడిలో నేర్చినది కాదు. తల్లి నోటినుండి కొంత, రేడియోనుండి కొంత వచ్చినది. అందుచేతనే సంచికకు ఏదేని వ్రాయుమని సంఘమువారు కోరగా రేడియోను గూర్చియే వ్రాయ సంకల్పించితిని. అందును, సాంఘిక సమస్యలపై విద్యార్థులు తయారుచేయు రూపకములను గూర్చి.

హైదరాబాదులో మొదట మహబూబ్ అలీ యనువారు స్వంతముగా ఒక చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పిరి. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసెను. మా ప్రాంతపు కన్నడమునకు గుల్బర్గా కేంద్రము 1966లో వచ్చినది. నా బాల్యమున ఊరిలో రేడియోలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. రేడియో కలవాడు తపాలా కచేరిలో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనవలెను. వినుటకే లైసెన్సు కావలసిన కాలమున, పలుకుటకును లైసెన్సు అడుగవచ్చునను తలంపు ఎవనికి వచ్చును?

యథార్థ జీవితమును శబ్దములో పట్టి చూపు రూపకము మనకంటె ముందు ఇంగ్లాండులో రూపుదిద్దుకొనెను. 1939లో ఆలివ్ షాప్లే అను మహిళ మాంచెస్టరు పేదల బ్రతుకును వారి నోటనే చెప్పించి, నూఱేండ్లకు పూర్వము ఏంగెల్సు చూచిన స్థితితో పోల్చుచు ‘ది క్లాసిక్ సాయిల్’ అను కార్యక్రమమును సిద్ధపఱచెను. ఆమె వెంట తిరిగిన రికార్డింగు మోటారుబండి 27 అడుగుల పొడవు, ఏడు టన్నుల పైచిలుకు బరువు. నేడు ఆ పని చొక్కా జేబులోని ఫోను చేయుచున్నది! మన ఆకాశవాణిలో నేను వినినంతలో, రూపకములను చాలవఱకు రచయిత వ్రాయగా శిక్షణ పొందిన కళాకారులు చదువుచుండిరి. అవి మిక్కిలి రమ్యములు, సందేహము లేదు. కాని కూలివాని మాట కూలివాని నోటనే వినబడుట అరుదు. యువకులకై ‘యువవాణి’ 1969లో ఢిల్లీలో మొదలై, క్రమముగా ఇతర కేంద్రములకు వ్యాపించెను. అయినను యంత్రము ప్రభుత్వమునదే, నిర్ణయమును ప్రభుత్వమునదే.

ఈ స్థితి మాఱుటకు దారి చూపినది 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు. క్రికెట్టు ఆటల ప్రసారమును గూర్చిన వ్యాజ్యమది. ఎక్కడి క్రికెట్టు, ఎక్కడి పల్లెటూరి గొంతు! గాలి తరంగములు ప్రజల ఆస్తియని న్యాయమూర్తులు చెప్పిరి. వారిలో బి. పి. జీవన్ రెడ్డిగారు మన తెలుగువారు. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు స్వంత రేడియో కేంద్రములు పెట్టుకొను అనుమతి వచ్చెను. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయపు కేంద్రము పలికెను. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకును తలుపు తెఱిచిరి. సాధారణముగా ప్రసార శక్తి నూఱు వాట్లకు, స్తంభము ముప్పది మీటర్లకు మించరాదు. స్వంత వార్తలు, రాజకీయములు పలుకరాదు.

ఈ చివరి నిబంధనయే విద్యార్థులకు చిక్కు. నిన్న ఫలానా ఊరికి నీళ్ల ట్యాంకరు రాలేదనుట వార్త. ఆ ఊరి ఆడువారు వేసవిలో బిందెలతో ఎంత దూరము నడతురో వారిచేతనే చెప్పించుట రూపకము. రెంటికిని నడుమనున్న గీత ఎక్కడ? ముప్పదియైదేండ్లు దస్త్రములు కట్టినవాడను గనుక దీని వెనుకనున్న భయము నాకు తెలియనిది కాదు. కాగితమును తనిఖీ చేయవచ్చును, అవసరమైనచో బీరువాలో పెట్టి తాళము వేయవచ్చును. గాలిలో కలిసిన మాటకు బీరువా లేదు. అయినను విద్యార్థులు ఆ యిఱుకులోనే మార్గము కనుగొనుచున్నారు. వార్త చెప్పరు, మనుష్యుని చెప్పనిత్తురు.

మాకు సమీపముననున్న ఉదాహరణము మాచునూరు. జహీరాబాదు ప్రాంతములోని ఈ గ్రామమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి ‘సంగం రేడియో’ 2008 అక్టోబరు 15న ప్రసారము లారంభించెను. నడిపినవారు దళిత స్త్రీలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. లైసెన్సు రాకమునుపు ఏండ్ల తరబడి వారు కార్యక్రమములను క్యాసెట్లలో నింపి సంగములలో వినిపించిరి. విత్తనములు, చిరుధాన్యములు, ప్రసవములు, పాటలు, అన్నియు వారి యాసలోనే. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ‘బోల్ హైదరాబాద్’ అను విద్యార్థుల కేంద్రము 2011లో మొదలయ్యెను. అచ్చటి ఆచార్యులు వినోద్ పావరాలగారు కంచన్ మాలిక్‌గారితో కలిసి సమాజ రేడియో పోరాటమును గూర్చి 2007లోనే ఆంగ్లమున గ్రంథము వెలువరించియుండిరి.

ఇక నా స్వవిషయము. మా అన్నగారి మనుమరాలు హైదరాబాదులో ఒక కళాశాలలో చదువుచున్నది. నిరుటి వేసవిలో ఇంటికి వచ్చి, 1972 కరవుపై రూపకము చేయవలెను, మాటలాడుమని నన్ను పట్టుకొనెను. మొదట ఒప్పుకొనలేదు. తరువాత ఒక కాగితముపై చక్కని భాషలో వ్రాసికొని చదువబోయితిని. “చిన్నతాతా, కాగితం పక్కన పెట్టండి. ఇంట్లో మాట్లాడినట్టే చెప్పండి” అనెను. గోడ గడియారమును దుప్పటిలో చుట్టి లోపలి గదిలో పెట్టి వచ్చెను.

నాకప్పుడు పదుమూడేండ్లు. కరవు పనిలో పిల్లలను చేర్చుకొనరు. మా నాయన నా వయస్సు పదునెనిమిదియని మస్టరులో వ్రాయించెను. రోడ్డు ప్రక్కన కూర్చుండి కంకర కొట్టితిని. వ్రాసిన గుమాస్తా నన్ను ఎగాదిగా చూచి, ఏమియు అనక కలము కదిపెను. అంతవఱకే చెప్పుదమనుకొంటిని. నోరు ఆగలేదు. కొన్నేండ్లకు మఱియొక కరవులో మస్టరు వ్రాయుట నా విధి యైనది. అట్లే వయస్సు పెంచుకొని వచ్చిన ఒక బాలుని, నియమము చూపి, వెనుకకు పంపితిని. వాని అరచేతులు చూచియే వయస్సు తెలిసికొంటిని.

పిల్ల చాలసేపు మాటలాడలేదు. “ఇది ఉంచమంటారా, తీసేయమంటారా?” అని అడిగెను. తీసివేయుమంటిని. మఱునాడు అది బస్సెక్కిన తరువాత ఫోను చేసి ఉంచుమంటిని.

రూపకము పండ్రెండు నిమిషములు. అందులో నా పాలు ఒక నిమిషము కూడ లేదు. హైదరాబాదు తరంగము మా ఊరివఱకు రాదు గనుక ఫోనులో పంపెను. మా ఇంటిది వంటయింటి గడపమీద కూర్చుండి వినెను. అయిన తరువాత, “ఆ పిల్లగాడు ఏ ఊరోడు?” అని అడిగెను. ఊరు పేరు నాకు జ్ఞాపకమున్నది. చెప్పితిని.