సారథ్యసుఖము: కొంత పూర్వకథ

విద్యుత్కారు వచ్చి బండి నడుపుటలోని ఆనందమును హరించినదనియు, గేరు మార్చు పని లేక, ఇంజను మ్రోత లేక, ఊరక కూర్చుండి పోవుటయే మిగిలినదనియు వాపోవువారు నేడు ప్రతి పట్టణమునందును కనబడుదురు. ఈ ఫిర్యాదునకు నూరేండ్లు పైబడిన వయస్సు కలదు. పెట్రోలు కారు తాతలనాటి సంప్రదాయమనియు, విద్యుత్కారు నిన్న పుట్టిన వింత యనియు తలచుట చరిత్రకు విరుద్ధము. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరితో నడచునవి 1,681, విద్యుత్తుతో నడచునవి 1,575 కాగా, పెట్రోలువి 936 మాత్రమే. అనగా నేడు పెద్దరికము చెలాయించుచున్నది ఆనాడు బంతిలో కడపట కూర్చున్న చుట్టము.

వేగమున సైతము అగ్రస్థానము విద్యుత్తుదే. 1898 డిసెంబరులో పారిస్ సమీపమున అషేర్ అను చోట గాస్తోఁ ద షాస్‌లూ-లోబా అను ప్రభువు విద్యుత్కారును గంటకు 63 కిలోమీటర్ల వేగమున నడపగా, కమీల్ జెనాట్జీ యను బెల్జియము దేశస్థుడు అతనితో పంతము పూని, ఒకరి నొకరు మించుచు వచ్చి, మరుసటి యేడు తుపాకిగుండు ఆకారముగల తన ‘లా జమే కోఁతాఁత్’ను గంటకు 105 కిలోమీటర్లకు పైగా పరుగెత్తించెను. భూమిపై నూరు కిలోమీటర్ల వేగమును దాటిన మొదటి కారు అదియే. గాలి కోయుటకై ఒడలంతయు నునుపుగా మలచిన ఆ బండిపై జెనాట్జీ నడుము వరకు బయటికి కనబడునట్లు కూర్చుండెనట. ఆ నునుపు వలన కలిగిన లాభములో ఎంత భాగము అతని గడ్డమే తినివేసెనో!

ఇట్టి విద్యుత్కారు ఓడుటకు బ్యాటరీ బరువు, చార్జింగు ఆలస్యము, ఊరు దాటిన పిదప కరెంటు దొరకకుండుట మున్నగు కారణములు అందరును చెప్పునవే, నిజములే. కాని మనస్సునకు సంబంధించిన కారణ మొకటి కలదని నా యభిప్రాయము. కారు తొలిదినములలో వాహనము కాదు, సాహసము. 1888లో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండ, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్ట్‌స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము అతడు నిర్మించిన కారులో పోయినప్పుడు, ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి శుభ్రపరచినది. ఇంధనము తరుగగా వీస్లోఖ్‌లోని మందుల దుకాణమున కొన్నది. ఆ ప్రయాణమును నేటికిని జనులు చెప్పుకొనుచున్నారన్న, అది ఆ గొట్టము పూడుటవలననే. ఆటంకములు లేక సాగినచో దానిని తలచువా రెవరు?

1908లో వెలువడిన ఫోర్డు మోడల్-టీని కదలించుట యొక చిన్న క్రతువు. ముందు చేతి బ్రేకు మీటను వెనుకకు లాగవలెను. స్టీరింగుకు ఎడమనున్న మీటను పైకెత్తి నిప్పురవ్వ పుట్టు క్షణమును ఆలస్యము చేసి, కుడినున్న మీటను కొద్దిగా దించి, బండి ముందునకు నడచి వచ్చి హ్యాండిలు పట్టవలెను. బొటనవ్రేలిని పిడిచుట్టు త్రిప్పి బిగింపరాదు. తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి, క్రిందికి నొక్కక పైకే లాగవలెను. ఎడమ మీట సంగతి మరచినచో ఇంజను ఎదురు తిరిగి, హ్యాండిలు వెనుకకు కొట్టి, మణికట్టును విరుచును. కూర్చున్న పిదప, కాలిక్రింది పెడలులు మూడు: ఎడమది గేర్లకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకుకు, యాక్సిలరేటరు చేతిలో! దీనిని వశపరచుకొన్నవానికి కలుగు గర్వము, గుఱ్ఱమెక్క నేర్చినవాని గర్వమునకు తీసిపోదు.

అదే కాలమున 1907 నుండి తయారైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌ను చూడుడు: ఎత్తైన అద్దపు గది, మెత్తని ఆసనములు, స్టీరింగు చక్రమునకు మారు ఒక అడ్డుకడ్డీ, గంటకు నలుబది కిలోమీటర్లకు మించని నడక. హ్యాండిలు లేదు, పొగ లేదు, బట్టలకు మసి లేదు. స్త్రీలకును, వేళగాని వేళ పిలుపు వచ్చు వైద్యులకును ఇది యెంతయు అనుకూలము. ఆ యనుకూలతయే దానికి శాపమై, మగవాడు నడుపదగని ఆడవారి బండి యన్న ముద్ర పడినది. హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతము 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లోనే తిరుగుచుండెను. భర్త కార్లు లక్షలకొలది జనులకు పనికివచ్చినవి గాని ఇంటికి పనికిరాలేదు కాబోలు.

చిత్రమేమనగా, 1912లో ఛార్లెస్ కెటరింగు రూపొందించిన స్వయంచాలక స్టార్టరు కాడిలాక్ కార్లకు అమరినది. బ్యాటరీతో తిరుగు చిన్న విద్యుత్ మోటారే హ్యాండిలు పని చేసి, పెట్రోలు కారును అందరి వాకిటికి చేర్చి, విద్యుత్కారును వీథినుండి వెడలగొట్టినది. పిదప 1928లో కాడిలాక్‌లోనే గేర్లు గీఱుకొనకుండ కలియు సింక్రోమెష్ వచ్చి, రెండుమార్లు క్లచ్చి త్రొక్కు నేర్పు అక్కరలేని దయ్యెను. 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్‌లో గేర్లు వాని యంతట అవే మారసాగెను. 1951లో క్రైస్లరు స్టీరింగు బరువును తగ్గించెను. సారథి చేతిలోని పనులు ఒక్కొక్కటిగా జారిపోయినది పెట్రోలు యుగముననే, మనము కోరగనే. దానికి నేటి బ్యాటరీని తప్పుపట్టుట అన్యాయము.

మన దేశమున ఈ మార్పు ఆలస్యముగ వచ్చినది. తొలుత స్టీరింగు ప్రక్క గేరుకడ్డీతో వచ్చిన అంబాసిడరు 2014 వరకు తయారగుచునే యుండెను; మొదటి గేరు పడు కిటుకు తెలిసిన పాత డ్రైవర్లు, తెలియని కుఱ్ఱలకు తాళము ఇచ్చెడివారు కారు. బెంగుళూరులో 2001లో వెలువడిన రేవా యను బుల్లి విద్యుత్కారును వినోదమునకై కొన్నవారు మాత్రము అరుదు. నిజము చెప్పవలెనన్న, పంజాగుట్ట నుండి హైటెక్ సిటీకి సాయంత్రము హాఫ్ క్లచ్చి మీద ప్రాకువానికి ఏ యానందమును మిగులదు. ఎడమకాలి నొప్పి మాత్రము మిగులును. అచ్చట విద్యుత్కారు వరము. శ్రీశైలము ఘాటు రోడ్డున మలుపునకు ముందు గేరు తగ్గించి ఇంజను పట్టును చేతికి తెలిసికొనుట వేఱు సంగతి. ఆ సుఖము నాకును ప్రియమే. కాని అదే ఘాటు దిగుచు, విద్యుత్కారున పాదమును కొలతగా ఎత్తి, బ్రేకు ముట్టక మలుపు తీసికొని, పోయిన కరెంటులో కొంత తిరిగి బ్యాటరీలోనికి రాబట్టుటయందును నేర్పు కలదు. అది అలవడుటకు కొంత కాలము పట్టును.

తయారీదారులకు ఈ నూతన నేర్పుపై ఇంకను నమ్మకము కుదిరినట్లు లేదు. 2023లో హ్యుందాయి వెలువరించిన అయోనిక్-5 ఎన్ అను విద్యుత్కారునందు, లేని గేర్లు మారినట్లు కుదుపును, లేని ఇంజను గర్జించినట్లు స్పీకర్ల ద్వారా ధ్వనిని పుట్టించు ఏర్పాటు చేసిరి. అక్కరలేనివారు దానిని ఆపుకొనవచ్చును.