భీమవరం నుంచి బోస్టన్‌కు: ఒక విద్యార్థి ఎనిమిదేళ్లు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు సైన్సు మాస్టారి నోట వినకుండా మన బడి దాటిన వాళ్లు తక్కువ. ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మాత్ర... ఇవి ఆయన మధ్యవయసులో సాధించినవి. వాటి గురించి చాలామంది రాశారు. ఈ సంచికకు నేను ఎంచుకున్నది అంతకు ముందు కథ: 1922 నుంచి 1930 దాకా ఆయన పరాయి దేశంలో విద్యార్థిగా బతికిన కాలం. మన పూర్వ విద్యార్థుల పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నారు గదా.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో సాగింది, సరిగ్గా సాగలేదు. ఇంట్లో జబ్బులు, చావులు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఉపాధ్యాయ మిత్రులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా కోరిక. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యం. అది గాంధీగారి పిలుపు ఊపందుకున్న కాలం. ఆపరేషన్ గదిలో ఖద్దరు తొడుక్కున్నందుకు సర్జరీ ఆచార్యుడికి కోపం వచ్చిందనీ, రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అనీ ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. సర్కారు వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు.

అమెరికా ప్రయాణానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు కూడా ఆదుకున్నది ఆయనే. మరికొంత ఇస్తామన్నది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. నాయకరుగారు రంగూన్ వెళ్లి కూడబెట్టిన సొమ్ముతో వెలసిన సంస్థ అది. ఒకరు సముద్రం దాటి తెచ్చిన డబ్బు మరొకరిని సముద్రం దాటించింది. ఇంకా నయం, ఈ రోజుల్లోలా పొలం తాకట్టు పెట్టలేదు.

1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లోని ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో డిప్లొమా కోర్సు. ఉపకార వేతనం లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. మద్రాసులో డాక్టరు, అక్కడ రోగుల మలమూత్ర పాత్రలు కడిగే మనిషి. పగలు మళ్లీ తరగతి. ఆ మరుసటి ఏడాది, 1923లో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. అంటే చదివినా, పనిచేసినా, ఆ దేశానికి ఆయన బయటివాడే. ఆ చట్టం మారడానికి 1946 దాకా పట్టింది.

డిప్లొమా అయ్యాక ఆటో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో, సైరస్ ఫిస్కే దగ్గర పనికి కుదిరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. సూత్రం తేలికే. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనం చేరిస్తే ద్రావణం నీలంగా మారుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కన. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. మనలో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఆ నీలం రంగు చూసే ఉంటారు.

అసలు విశేషం ఆ తర్వాతది. కండరం నుంచి తీసిన ద్రావణంతో అదే పరీక్ష చేస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లగా వచ్చింది. ఇంకొకరైతే సీసా సరిగ్గా కడగలేదనుకుని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెనకాలే పడ్డారు. కండరంలో భాస్వరం విడిగా లేదు, ఏదో పదార్థంతో ముడిపడి ఉంది, పరీక్షలో నెమ్మదిగా విడిపోతోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని వేరుచేశాడు. కండరం పనిచేసే తీరుపై 1922 నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్ని తిరగరాయవలసి వచ్చింది. ఇంత జరిగాక, 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టా వచ్చింది. అప్పటికి ఆయన వయసు 35. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం ఎన్నడూ రాలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు.

ఈ కథలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. భార్య శేషగిరిగారిని ఆయన వెంట తీసుకువెళ్లలేదు. తిరిగి రానూ లేదు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడలో వారాల తరబడి వచ్చేది. ఆయన పనిని పొగిడే మనం ఆమె గురించి ఒక వాక్యంతో సరిపెట్టేస్తాం. మామగారు అల్లుణ్ణి పంపినప్పుడు కూతురి జీవితాన్ని కూడా ఓడెక్కిస్తున్నానని అనుకుని ఉండరు. డబ్బిచ్చిన వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆమె ఇచ్చిన ఇరవై ఆరేళ్లకు పద్దు లేదు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, 53వ ఏట కన్నుమూశారు. చట్టం మారి రెండేళ్లయినా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. అంతకు ముందు ఏడాది ఆయన బృందం తెచ్చిన బోదకాలు మందు డి.ఇ.సి.ని గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించారు. మన బడిలో ఆ మాత్ర వేసుకున్న బ్యాచ్‌లవాళ్లు ఈ సంచిక చదువుతూ ఉండొచ్చు.