చలికాలమూ పాత కారూ

బిలాస్‌పూర్ సమీపంలోని మస్తూరీలో హిమపాతం ఉండదు. అయినా పుష్యమాసపు ఉదయాన పాత మోటారు కారు చలికి తప్పక మొరాయిస్తుంది. ఇంజనులోని నూనె చిక్కబడుతుంది. బ్యాటరీ బలం తగ్గుతుంది. పెట్రోలు సులభంగా ఆవిరి కాదు. అందుచేతనే చోకు లాగి, లోపలికి పోయే గాలిని తగ్గించవలసి వస్తుంది.

మోటారు యుగారంభంలో ఇంజనును చేతి హ్యాండిలుతో త్రిప్పేవారు. అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చిన పిమ్మట ఆ భయం క్రమంగా తొలగింది. కాని హ్యాండిలు వెంటనే అంతరించలేదు. మన దేశంలో 1957లో వెలువడిన అంబాసిడరుకు సైతం, బ్యాటరీ మొండికెత్తిన నాడు, అదే అక్కరకు వచ్చేది.

హుగ్లీ తీరాన ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ల నిర్మాణం 2014లో ఆగిపోయింది. నాటినుండి విరిగిన భాగానికి బదులు క్రొత్తది దొరకడం కష్టమైంది. కనుక అటువంటి కారు గలవాడు చలిలో తొందరపడరాదు. నూనె అంతటా ప్రాకి ఇంజను నిలకడగా తిరిగేవరకు ఆగి, చోకు మెల్లగా వెనుకకు నెట్టి, అప్పుడే బండి కదపాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పపూలు రాలే వేళకు ఈ శ్రమ తీరుతుంది. చలిలో ఆత్రపడి పాడుచేసుకున్న భాగాన్ని మాత్రం వసంతం తెచ్చి ఇవ్వదు.