తోడేలు పోయిన తెల్లవారుజాము

చలి. కాళ్ల కింద మంచు కరిగి బురదైంది. ఆరేళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకుని ఓ ముసలాయన కోట తలుపు బాదుతున్నాడు. వీడు మీ యువరాజు బిడ్డ, ఇక మీరే సాక్కోండని కాపలావాళ్లకు అప్పగించి వెళ్లిపోతాడు. ఆ రాత్రి వాణ్ణి గుర్రాల శాలలో, గడ్డి మీద, కుక్కల పక్కన పడుకోబెడతారు. మీరూ అక్కడే ఉన్నారు. ఎండుగడ్డి వాసన, కుక్క ఒంటి వెచ్చదనం మీకూ తెలుస్తున్నాయి.

రాబిన్ హాబ్ 1995లో రాసిన 'అసాసిన్స్ అప్రెంటిస్' ఇలా మొదలవుతుంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఇంకొక్క అధ్యాయం చదివి లైటు తీసేద్దామనుకుంటారు. ఆ అధ్యాయంలో, గుర్రాల శాల చూసే బరిచ్, ఫిట్జ్ అనే ఆ పిల్లాడి దగ్గర్నుంచి నోసీ అనే కుక్కపిల్లను లాక్కుపోతాడు. ఫిట్జ్‌కు జంతువుల మనసుతో మాట్లాడే శక్తి ఉంది. ఆ రాజ్యంలో అది ప్రాణాలు తీసే నేరం. బరిచ్ భయం అదే. ఆ సంగతి ఫిట్జ్‌కు తెలియదు, మీకూ తెలియదు. కుక్కపిల్లను చంపేశాడనే ఇద్దరూ నమ్ముతారు. నిజం నవల చివరికి గానీ బయటపడదు. కథంతా ఫిట్జ్ నోటనే నడుస్తుంది కాబట్టి వాడు పొరబడ్డ చోటల్లా మీరూ పొరబడతారు, వాడు ద్వేషించినవాళ్లను మీరూ ద్వేషిస్తారు. హాబ్ పట్టంతా ఇక్కడే ఉందంటాను. డ్రాగన్లు, మంత్రశక్తులు ఆ తర్వాతి మాట.

రెండో నవలలో సంత. బోనులో బక్కచిక్కిన తోడేలు పిల్ల. దీనికి మనసివ్వకూడదని గట్టిగా అనుకునే ఫిట్జ్ దాన్ని కొంటాడు. పేరు నైట్ ఐస్. అది ఫిట్జ్ బుర్రలో మాట్లాడుతుంది: ఆకలి, వేట, ఇప్పుడు, ఇక్కడ. నిన్నటి గురించి కుమిలిపోయే మనుషులను చూసి విసుక్కుంటుంది. మూడో నవల అయ్యేసరికి ఆ గొంతు మీకూ అలవాటైపోతుంది. ఫిట్జ్ అతిగా ఆలోచించినప్పుడల్లా తోడేలు ఏమంటుందోనని ఎదురుచూస్తారు.

ఫిట్జ్ కథను మళ్లీ అందుకునే 'ఫూల్స్ ఎరండ్' 2001లో వచ్చింది. ఫిట్జ్‌కిప్పుడు ముప్ఫై దాటాయి. తోడేలు ముసలిదైంది, కీళ్లు పట్టేస్తున్నాయి. పేజీలు తిప్పే వేగం మీకు తెలియకుండానే తగ్గుతుంది. రాబోయేది తెలుసు. పుస్తకం మూసి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ తెరుస్తారు. నైట్ ఐస్ నిద్రలోనే, ఫిట్జ్ పక్కనే పోతుంది. ఆ తర్వాతి పేజీల్లో దాని మాట వినిపించాల్సిన చోట ఏమీ ఉండదు. నేను చదివిన చావుల్లో ఇంత నిజాయితీగా రాసినవి చాలా తక్కువ. హాబ్ ఓదార్చే తొందరలో లేదు.

పొద్దున ఆఫీసులో పక్క సీటావిడ అడుగుతుంది: "ఏమైందండీ, కళ్లలా ఉన్నాయి?" చెప్పండి. తోడేలు పోయిందని చెప్పండి. మూడు నవలలపాటు రోజూ పలకరించిన గొంతు ఆగిపోతే ఏడుపు రావడంలో తప్పేముంది? చిన్న కథ ఇంత ఏడిపించలేదు. కలిసి గడపడానికి పేజీలు కావాలి.

ఈ వరుసలో మొత్తం పదహారు నవలలు, 2017లో ముగిశాయి. చదవబోయేవారికి ఒక మాట. మొదటి మూడు నవలలకూ 'ఫూల్స్ ఎరండ్'కూ మధ్యలో సముద్రం మీది ఓడల కథ మూడు సంపుటాలుగా వస్తుంది. ఫిట్జ్ కథ కాదు కదా అని చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. అందులో బింగ్‌టౌన్ అనే ఊళ్లో చెక్కతో పూసలు చెక్కే ఆంబర్ అనే ఆవిడ ఉంది. ఆమెను ఓ కంట కనిపెట్టి ఉండండి.