సిడ్ నుంచి స్టేబుల్ దాకా: డెబియన్ మధ్య మజిలీ కథ

1995 చివర్లో డెబియన్ లైనక్స్‌కు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఇంకా తయారీలో ఉన్న ప్యాకేజీలను ఒక సీడీల కంపెనీ పొరపాటున ‘డెబియన్ 1.0’ పేరుతో అమ్మకానికి పెట్టేసింది. అది అసలు విడుదల కాదని, సరిగ్గా బూట్ కాకపోవచ్చని డిసెంబరులో అందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. 1.0 అన్న నంబరును ఇక వాడుకునే వీల్లేకుండా పోయింది. 1996 జూన్‌లో వచ్చిన అసలు విడుదల 1.1 అయింది.

అప్పటినుంచి తయారీలో ఉన్న ఫోల్డర్లకు నంబర్లు మానేసి మారుపేర్లు పెట్టసాగారు. 1996లో ప్రాజెక్టు పగ్గాలు చేపట్టిన బ్రూస్ పెరెన్స్ అప్పట్లో పిక్సార్‌లో పనిచేసేవారు. అలా ‘టాయ్ స్టోరీ’ పాత్రల పేర్లు వచ్చి చేరాయి. కొత్త ప్యాకేజీలు మొదట అడుగుపెట్టే ‘అన్‌స్టేబుల్’కు తర్వాత స్థిరపడిన పేరు సిడ్. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు అతనే.

ఏది పూర్తయిందో, ఏది కాలేదో పేరుతో చెప్పడం వరకు కుదిరింది. పూర్తి చేయడమెలా అన్నది అలాగే మిగిలింది. పాత పద్ధతిలో, విడుదల సమయం రాగానే అన్‌స్టేబుల్‌ను ఉన్నదున్నట్టుగా ఫ్రీజ్ చేసి, అంటే కొత్త మార్పులు ఆపేసి, బగ్గులు ఏరుకుంటూ కూర్చునేవారు. ఆ రోజుకి ఏవి సగంలో ఉంటే అవన్నీ మెడకు చుట్టుకునేవి. 2.2 విడుదలకు 2000 జనవరిలో ఫ్రీజ్ మొదలుపెడితే ఆగస్టుకు గానీ తెమల్లేదు.

దీనికి విరుగుడు ఆలోచించింది ఆస్ట్రేలియాకు చెందిన ఆంథొనీ టౌన్స్. అన్‌స్టేబుల్‌కూ, అందరి కోసం విడుదలయ్యే స్టేబుల్‌కూ నడుమ ‘టెస్టింగ్’ అనే మజిలీ పెట్టి, ఎప్పుడు చూసినా దాదాపు విడుదలకు సిద్ధంగా ఉండేలా దాన్ని నిలబెట్టాలన్నది ఆయన ఆలోచన. 2000 డిసెంబరులో అది అమల్లోకి వచ్చింది. అదే నెలలో ఫైళ్లన్నిటినీ ఒకేచోట ఉంచే ‘ప్యాకేజ్ పూల్’ కూడా మొదలైంది. దాంతో ప్యాకేజీని పై మెట్టు ఎక్కించడానికి ఫైలును కదిలించే పని తప్పింది, జాబితాలో పేరు మారిస్తే చాలు.

ఆ జాబితాను సరిచూసే ప్రోగ్రామ్ పేరు బ్రిట్నీ. దాని నిబంధనలు సూటిగా ఉంటాయి. ప్యాకేజీ అన్‌స్టేబుల్‌లో కొన్నాళ్లు ఉండాలి: తొందర లేకపోతే 10 రోజులు, కొంచెం ఉంటే 5, బాగా ఉంటే 2. తనకు వర్తించే ప్రాసెసర్ రకాలన్నిటి మీదా బిల్డ్ కావాలి. విడుదలను ఆపేంత తీవ్రమైన కొత్త బగ్గులు తేకూడదు. అన్నిటికన్నా కష్టమైంది, తాను లోపలికి వస్తూ ఇంకో ప్యాకేజీని పడగొట్టకూడదు. పీఎన్‌జీ బొమ్మలు చదివే లైబ్రరీ కొత్త వెర్షన్‌కు మారిందనుకోండి. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ మళ్లీ బిల్డ్ కావాలి, అన్నీ కలిసే టెస్టింగ్‌లోకి రావాలి. బ్రిట్నీ చేర్చి చూస్తుంది. ఇన్‌స్టాల్ కాలేని ప్యాకేజీల సంఖ్య పెరిగిందా, చేర్చినదాన్ని వెనక్కి తీసేస్తుంది.

యంత్రం పని అక్కడికి సరి. టెస్టింగ్‌ను ఎప్పుడు ఫ్రీజ్ చేయాలో, ఎప్పుడు స్టేబుల్‌గా ప్రకటించాలో తేల్చేది విడుదల బృందంలోని మనుషులే. దారి వెంటనే సాఫీ కాలేదు. 2002 జూలైలో 3.0 వచ్చాక 3.1 కోసం 2005 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత తర్వాత పద్ధతి కుదురుకుని, సుమారు రెండేళ్లకో విడుదల వస్తోంది.

ఈ ఓపిక విలువేమిటో 2024 మార్చిలో తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి దాచారు. అది బ్రిట్నీ కళ్లుగప్పి టెస్టింగ్‌లోకి కూడా వచ్చేసింది. అన్‌స్టేబుల్ వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీరుకు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవడం కంటికి ఆనింది. తవ్వుకుంటూ వెళ్లి గుట్టు బయటపెట్టారు. అప్పటికి స్టేబుల్‌లో ఉన్నది పాత వెర్షన్ కాబట్టి దాని మీద నడిచే సర్వర్లకు ఆ ముప్పు తగల్లేదు.

స్టేబుల్‌లో అన్నీ పాత వెర్షన్లేనని విసుక్కునేవాళ్లు చాలామందే. కానీ ఆ పాతబడిన నెలల్లోనే ఎవరో ఒకరు ముందుగా వాడారు, దెబ్బతిన్నారు, బగ్ రాశారు. నిబంధనలు పట్టలేనిది పట్టుకునేదీ వాళ్లే. మీ దగ్గర ఖాళీగా ఓ కంప్యూటరుంటే టెస్టింగ్ వేసి చూడండి. తేడా కనిపిస్తే వదిలేయకుండా బగ్ రాయండి. రేపటి స్టేబుల్ నమ్మకంగా నిలబడేది అలాంటి రిపోర్టుల మీదే.