"ఒట్టు, ఎవరికీ చెప్పకు": స్కూల్లో స్నేహితుడికి ట్రైనింగ్ ఇచ్చిన కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక చిన్న మాట చుట్టూ నడిచిన చరిత్ర చెప్తాను. "నీకొక్కడికే చెప్తున్నా, ఎవరికీ చెప్పకు, ఒట్టు." ఈ మాట వినకుండా స్కూల్ దాటినవాళ్లు ఎవరూ ఉండరు. చాలాసార్లు దాని వెనక వచ్చేది చిన్న విషయమే. ఎవరి మీదో ఇష్టం, ఇంట్లో దాచిన మార్కుల లిస్టు, అంతే. కానీ ఒక్కోసారి ఆ ఒట్టు తర్వాత "నాకు బతకాలని లేదురా" అనే మాట వస్తుంది. అప్పుడు పక్కన కూర్చున్న 16 ఏళ్ల ఫ్రెండ్ ఏం చేయాలి? ఒట్టు నిలబెట్టుకోవాలా, దాటాలా?

ఈ ప్రశ్నకు గట్టి జవాబు దొరకడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది. ఈ రోజు ఆ కథే చెప్పుకుందాం.

ముందుగా ఒక్క విషయం. ఇందులో ఆత్మహత్యల ప్రస్తావన ఉంటుంది. వింటుంటే మనసు బరువెక్కితే ఇక్కడే ఆపేయండి, పర్లేదు. 14416 అనేది టెలీ మానస్ నంబర్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

సరే, ఇక కథలోకి వెళ్దాం. 1935, ఇంగ్లండ్. చాడ్ వారా అనే కుర్ర మతగురువు అప్పుడే చర్చి పనిలో చేరాడు. ఆయన జరిపించిన మొట్టమొదటి అంత్యక్రియలు 14 ఏళ్ల అమ్మాయివి. ఆ పిల్ల పెద్దమనిషి అయింది, అంతే జరిగింది. కానీ అదేంటో చెప్పినవాళ్లు లేరు. తనకేదో చెడ్డ రోగం వచ్చిందని భయపడి ప్రాణం తీసుకుంది. ఒక్కరితో, ఒక్క మాట మాట్లాడి ఉంటే బతికేది. ఆ సంగతి వారాను చాలా ఏళ్లు వదల్లేదు.

1953 నవంబర్ 2న ఆయన లండన్‌లోని తన చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. చనిపోవాలనిపించేవాళ్లు ముందు నాకు ఫోన్ చేయండి అన్నాడు. ఫోన్ చేసేవాళ్లే కాదు, నేరుగా వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. ఆయన ఒక్కడు, బయట వెయిట్ చేసేవాళ్లు బోలెడుమంది. వాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొంతమంది మామూలు మనుషులు వాలంటీర్లుగా వచ్చారు. ఇక్కడే అసలు మలుపు. టీ తాగుతూ వాలంటీర్‌తో మాట్లాడిన చాలామంది, ఇక ఫాదర్‌ను కలవకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు! వారా అది గమనించాడు. 1954లో వినే పని మొత్తం వాలంటీర్ల చేతికి ఇచ్చేశాడు. ఆ సంస్థ పేరు సమరిటన్స్.

అక్కడ తేలిన సంగతి ఏంటంటే, బాధ వినడానికి డిగ్రీ అక్కర్లేదు. ఓపిగ్గా వినే మామూలు మనిషి చాలు. ఆ ఆలోచన మన దగ్గరికీ వచ్చింది. 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' అనే సంస్థ పెట్టారు. 1997లో హైదరాబాద్‌లో 'రోష్ని' మొదలైంది. రెండూ వాలంటీర్లు నడిపేవే.

అయితే ఇవన్నీ ఫోన్ అవతల ఉన్న కొత్త మనిషితో మాట్లాడే ఏర్పాట్లు. స్కూల్ పిల్లాడు ఫోన్ తీసి హెల్ప్‌లైన్‌కు చేస్తాడా? మొదట చెప్పేది పక్క బెంచీ వాడికే కదా. మరి ఆ పక్క బెంచీ వాడికే వినడం నేర్పితే?

ఈ ఆలోచనను గట్టిగా పట్టుకున్నది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటామే, ఆ నడిబొడ్డు. మన తెలుగువాళ్లు కూడా బాగా ఉండే ప్రాంతం. 1970లో అక్కడి స్కూళ్లలో బార్బరా వారెన్‌హోర్స్ట్ అనే సైకాలజిస్టు 'పీర్ కౌన్సెలింగ్' మొదలుపెట్టారు. ఆమెతో కలిసి పనిచేసిన సైకియాట్రిస్ట్ బీట్రిక్స్ హాంబర్గ్. యేల్ యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తి చేసిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడ. ఇద్దరూ కలిసి 1972లో ఈ పని గురించి ఒక వ్యాసం ప్రచురించారు.

వాళ్లు పిల్లలకు నేర్పింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కొత్తగా చేరిన పిల్లాడితో మాట ఎలా కలపాలి, మధ్యలో అడ్డం పడకుండా ఎలా వినాలి, సలహా ఇవ్వకుండా ప్రశ్న ఎలా అడగాలి, ఏ విషయం తన చేతిలో లేదని ఎప్పుడు గుర్తించాలి. ట్రైనింగ్ అయ్యాక కూడా పెద్దవాళ్ల పర్యవేక్షణ ఉండేది. ఆ తర్వాత ఈ పద్ధతి అమెరికాలో చాలా స్కూళ్లకు పాకింది, బ్రిటన్‌లోనూ వచ్చింది.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. 'కౌన్సెలర్' అనే పేరు తగిలించగానే పిల్లాడి నెత్తి మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి. ఫ్రెండ్ బాధ మొత్తం వాడు విన్నాడు, రాత్రి ఇంటికెళ్లాడు. నిద్ర పడుతుందా? రేపు ఆ ఫ్రెండ్ స్కూల్‌కు రాకపోతే? పెద్ద డాక్టర్లకే కష్టమైన పని ఒక టెన్త్ పిల్లాడి మీద పెట్టడం న్యాయమేనా?

అయితే పిల్లల్ని వదిలేసి, టీచర్లకు ట్రైనింగ్ ఇద్దాం అనుకున్నారు చాలామంది. వినడానికి ఇదే సరైన దారి అనిపిస్తుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 32 స్కూళ్లలో ఇది పరీక్షించి చూశారు. పీటర్ వైమన్ అనే పరిశోధకుడి బృందం 2008లో ఫలితాలు బయటపెట్టింది. టీచర్లకు విషయం బాగానే తెలిసింది. కానీ వెళ్లి పిల్లల్ని అడిగే పని పెరిగింది, ముందునుంచీ పిల్లలతో కలివిడిగా ఉండే టీచర్లలోనే. ఇంకా బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. అప్పటికే ఒకసారి ప్రాణం తీసుకోబోయిన పిల్లలే, స్కూల్లో పెద్దవాళ్లకు చెప్పడానికి మిగతావాళ్ల కంటే ఎక్కువ వెనకాడారు. అంటే టీచర్ తలుపు తీసి కూర్చున్నాడు. అసలు రావాల్సిన పిల్లాడే ఆ తలుపు దాకా రావట్లేదు.

మరి అక్కడిదాకా ఎవరు తీసుకొస్తారు?

జవాబు నార్త్ డకోటా నుంచి వచ్చింది. అమెరికాకు ఉత్తరం కొసన, కెనడా బోర్డర్‌లో ఉండే రాష్ట్రం. ఊరికీ ఊరికీ మధ్య మైళ్ల కొద్దీ పొలాలు. అక్కడ యువతతో పనిచేసే మార్క్ లోమర్రే, చనిపోయిన పిల్లల అంత్యక్రియలకు వెళ్లీ వెళ్లీ విసిగిపోయాడు. 1998లో పల్లె ప్రాంతాల్లో, అక్కడి ఆదివాసీ తెగల మధ్య ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. పేరు 'సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్'. మన మాటల్లో చెప్పాలంటే, బలం ఎక్కడెక్కడి నుంచి వస్తుందో వెతుక్కోవడం.

ఇందులో కొత్తదనం ఏంటంటే, పిల్లల్ని కౌన్సెలర్లుగా తయారు చేయలేదు. వాళ్ల పని మారింది. ఒకటి, ప్రతి మనిషికీ నిలబడటానికి ఏయే ఆధారాలు ఉంటాయో తోటివాళ్లతో మాట్లాడించడం. కుటుంబం, మంచి ఫ్రెండ్స్, దారి చూపే పెద్దలు, ఆటపాటలు, ఇతరులకు సాయం చేయడం, నమ్మకాలు, శరీర ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, ఇలా 8 ఆధారాలు ఒక చక్రంలా గీసి చూపిస్తారు. రెండోది, ఫ్రెండ్ ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే ఆ విషయాన్ని దాచిపెట్టకుండా, నమ్మకస్తుడైన ఒక పెద్ద మనిషికి చేర్చడం. ఆ పెద్ద మనిషి ఎవరో ముందే తెలిసి ఉంటుంది.

ఇక్కడ ఒట్టు సంగతి తేలిపోయింది చూడండి. స్నేహమంటే రహస్యం దాచడం అని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ప్రాణం సంగతి వచ్చేసరికి, చెప్పడమే స్నేహం అని ఆ పిల్లలకు నేర్పారు. పోలీసుకు పట్టించినట్టు వెనక నుంచి చెప్పడం కాదు. "పద, నేనూ వస్తా, ఇద్దరం కలిసి చెబుదాం" అనడం.

ఎవరిని ఎంచుకుంటారనేది కూడా ముఖ్యం. క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లనే తీసుకోలేదు. స్కూల్లో ఎన్ని గ్యాంగులుంటే అన్ని గ్యాంగుల నుంచీ తీసుకున్నారు. ఆటల బ్యాచ్, చివరి బెంచీ బ్యాచ్, ఎవరితో కలవని వాళ్లు, అందరూ.

మరి పనిచేసిందా? అదే పీటర్ వైమన్ బృందం జార్జియా, న్యూయార్క్, నార్త్ డకోటా రాష్ట్రాల్లో 18 హైస్కూళ్లు తీసుకుని పరీక్షించింది. 453 మంది పీర్ లీడర్లు, 2,675 మంది విద్యార్థులు. 2010లో ఫలితాలు వచ్చాయి. పెద్ద స్కూళ్లలో, ట్రైనింగ్ తీసుకున్న పిల్లలు ప్రమాదంలో ఉన్న ఫ్రెండ్ విషయం పెద్దవాళ్లకు చేర్చే అవకాశం, తీసుకోని వాళ్లతో పోలిస్తే 4 రెట్లు. స్కూల్ మొత్తంలోనూ "మాకు సాయం చేసే పెద్దవాళ్లు ఉన్నారు" అనే నమ్మకం పెరిగింది. ఆ నమ్మకం అందరికంటే ఎక్కువ పెరిగింది ఎవరిలోనో తెలుసా? అంతకుముందు చనిపోవాలనే ఆలోచన వచ్చిన పిల్లల్లో.

ఎక్కువ చేసి చెప్పను. ఆ పరీక్ష కొన్ని నెలల మార్పునే చూసింది. మరణాలు తగ్గాయని అది నిరూపించలేదు. కానీ యూరప్‌లో 10 దేశాలు, 168 స్కూళ్లు, 11,110 మంది పిల్లలతో జరిగిన ఇంకో పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. అందులో టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలు తమలో తాము పాత్రలు వేసి, చర్చించుకుని, ఫ్రెండ్‌కు ఎలా సాయపడాలో నేర్చుకున్న చోట, ఏడాది తర్వాత ఆత్మహత్యా ప్రయత్నాలు దాదాపు సగానికి పడిపోయాయి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 హైస్కూళ్లలో ఒక ప్రయోగం జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. కొన్ని స్కూళ్లలో టీచర్‌కే 'మిత్ర' బాధ్యత ఇచ్చారు. కొన్నిట్లో, పెద్ద డిగ్రీలేమీ లేకపోయినా ట్రైనింగ్ ఇచ్చిన బయటి వ్యక్తిని 'మిత్ర'గా పెట్టారు. పిల్లల గ్రూపులు, గోడ పత్రిక, ఎవరైనా బాధ రాసి వేసే డబ్బా, అన్నీ రెండుచోట్లా ఒకటే. బయటి మిత్ర ఉన్న చోట డిప్రెషన్ లక్షణాలు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్ మిత్ర ఉన్న చోట ఫలితం కనపడలేదు. టీచర్లు చెడ్డవాళ్లని కాదు దీనర్థం. నాకు అర్థమైనంతలో, మార్కులు వేసే చేతికి మన బాధ కాగితం ఇవ్వడం ఎవరికైనా కష్టం.

ప్రభుత్వం కూడా తోటివాళ్ల దారి పట్టింది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్‌లో ఊళ్లల్లో 'సాథియా' పేరుతో పీర్ ఎడ్యుకేటర్లు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వాళ్లు మాట్లాడాల్సిన 6 విషయాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. 2020లో స్కూల్ హెల్త్ కార్యక్రమం వచ్చింది. స్కూల్‌కు ఇద్దరు టీచర్లు అంబాసిడర్లు, క్లాస్ మానిటర్లు మెసెంజర్లు.

క్లాస్ మానిటర్ అనగానే నేను ఆగిపోయాను. మన స్కూళ్లలో క్లాస్ లీడర్ అంటే ఎవరు? సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు! వాడికి వెళ్లి ఎవరు మనసు విప్పుతారు? అన్ని గ్యాంగుల నుంచీ ఎంచుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో చిక్కు మన తెలుగు రాష్ట్రాల్లో బాగా తెలిసిందే. ఇంటర్ హాస్టల్. నెలకో టెస్టు, టెస్టుకో ర్యాంకు, ర్యాంకును బట్టి బ్యాచ్. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు పై బ్యాచ్‌కు పోతాడు, నువ్వు కింద మిగిలిపోతావు. బాధను మొదట వినేది స్నేహితుడే అయితే, ఆ స్నేహితుణ్ణే పోటీదారుగా మార్చే ఏర్పాటు ఇది. పోస్టర్లు ఎన్ని అంటిస్తే మాత్రం ఏం లాభం?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల్లో ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసులో పెద్ద అక్షరాలతో పెట్టాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే పెద్దది. ఎందుకంటే అది స్నేహాన్ని కాపాడుతుంది.

ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైంది ఇది. తోటి పిల్లలు బాగా పనిచేసిన ప్రతిచోటా వాళ్ల వెనక ఒక పెద్ద మనిషి ఉన్నాడు. వెనక ఎవరూ లేకుండా "మీరే చూసుకోండి" అంటే, అది సపోర్ట్ కాదు, పని తప్పించుకోవడం. మీ కాలేజీలో పీర్ గ్రూప్ పెడుతున్నామంటే ఒక ప్రశ్న అడగండి: "మేం విన్నది ఎవరికి చెప్పాలి? రాత్రి 11 గంటలకు ఆ మనిషి ఫోన్ ఎత్తుతారా?"

ఇక ఆ ఒట్టు సంగతి. ఎవరైనా మీతో ఆ మాట అంటే తిట్టకండి, "లైట్ తీస్కో" అనకండి. వినండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగినందుకు చాలామందికి ఊపిరి తిరుగుతుంది. ఒంటరిగా వదలకండి. "ఇది మనిద్దరి మధ్యే ఉంచలేను, పద, చెబుదాం" అనండి. అమ్మ, అక్క, వార్డెన్, నచ్చిన మేడమ్, ఎవరైనా సరే. ఎవరూ లేకపోతే ఇద్దరూ కలిసి 14416కు చేయండి. నాలుగు రోజులు మీ మీద కోపం వస్తుంది, రానివ్వండి. కోప్పడటానికైనా మనిషి ఉండాలి కదా.

మీ స్కూల్లో, కాలేజీలో ఇలాంటి గ్రూప్ ఉందా? ఉంటే ఎవరిని ఎంచుకున్నారు, ఎలా నడుస్తోంది, కామెంట్లలో రాయండి. పేర్లు మాత్రం రాయకండి. మళ్లీ కలుద్దాం.