జాకు పుట్టుపూర్వోత్తరాలు

మైపాడు తీరాన వీచే గాలికి లోహమంటే మహా ప్రీతి. కిటికీ ఊచలు, సైకిలు గొలుసులు, తలుపు గొళ్ళేలు, దేనినీ వదలదు. ఆ గాలి నమిలి ఉమ్మేసిన వస్తువొకటి కిందటి డిసెంబరులో నా చేతికి వచ్చింది. మా పక్కింటి కుర్రవాడి ఎలక్ట్రిక్ గిటారు అది. ఐదు వేల రూపాయల లోపు సరుకు, కొని రెండేళ్ళయినా నిండలేదు. యాంప్లిఫయరు నుంచి వచ్చే తీగను గిటారుకు తగిలించే జాకు వదులైపోయింది. కుర్రవాడు కాస్త కదిలితే చాలు, మోత ఆగిపోవడమో, బుర్రుమని రొద పెట్టడమో.

నెల్లూరులో ఒక కొట్టువారికి చూపిస్తే, "బాగు చేయించే ఖర్చు దండుగ, కొత్తది కొనుక్కో" అన్నారట. వాళ్ళకేం, అంటారు. వీడి తండ్రి వేటకు పోయే మనిషి. రెండో గిటారు మాట ఆ ఇంట్లో ఎత్తడానికి వీలు లేదు. క్రిస్మస్ ముందటి రాత్రి ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, చివరికి చర్చి దగ్గర చేరి పాడే బృందంలో గిటారు వాయించేవాడు వీడొక్కడే. ఆ రాత్రికి ఇంకా నాలుగు రోజులుంది. "బాబాయ్, నువ్వు రేడియోలు విప్పుతావంట గదా" అంటూ తెచ్చి నా ముందు పెట్టాడు.

అరుగు మీద కూర్చున్న మా పెదనాన్న గిటారును చూడలేదు గానీ, దానితో వచ్చిన తీగ కొసనున్న ప్లగ్గును చూశారు. చేతిలోకి తీసుకొని కళ్ళజోడు సవరించుకొని, "ఏంది అబ్బయా ఇది? మా బోర్డు ప్లగ్గు గదా!" అన్నారు. మద్రాసు ట్రంకు ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఈ వ్యాసం రాయాలన్న బుద్ధి పుట్టింది ఆ మాట వల్లనే.

1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్ పట్నంలో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. అప్పటికి చందాదారులు ఇరవై ఒక్కరే. ఆ లెక్క వందలు, వేలు అయ్యేసరికి, ఎవరి తీగను ఎవరి తీగతో కలపాలన్నా చప్పున జరిగిపోయే ఉపాయం కావలసివచ్చింది. షికాగోలోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న చార్లెస్ స్క్రిబ్నర్ 1870ల చివర ఒక మీట కనిపెట్టాడు. చూడడానికి అది మడత చాకులా ఉండేదట. మడత చాకును ఇంగ్లీషులో జాక్ నైఫ్ అంటారు కనుక ఆ మీటకు జాక్ నైఫ్ స్విచ్ అని పేరు వచ్చింది. తరువాత చాకు రూపం పోయింది, చాకు అనే మాటా పోయింది, జాకు మాత్రం మిగిలింది. మన పల్లెల్లో ఇంటిపేరు నిలిచి, దానికి మూలమైన ఊరు ఏట్లో కలిసిపోయినట్టు!

కాలక్రమంలో ఆ జాకు ఒక గొట్టమైంది. దానిలోకి దూరే ప్లగ్గు లావు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. టెలిఫోను ప్లగ్గుకు మూడు అంగాలు: కొస, ఉంగరం, తొడుగు. మాటలు మోసేవి కొస, ఉంగరం. తొడుగు పని వేరు. పెదనాన్న చెప్పగా నాకు తెలిసిన సంగతి ఇది. పెద్ద బోర్డులలో ఒకే చందాదారు జాకు చాలామంది ఆపరేటర్ల ముందు ఉంటుంది. ఆ లైను మీద ఇప్పటికే వేరొకరు మాట్లాడుతున్నారేమో తెలిసేదెట్లా? ప్లగ్గు కొసను జాకు తొడుగుకు అలా ఆనించి చూస్తారు. చెవిలో టక్కుమంటే లైను ఖాళీ లేదన్నమాట. "రోజుకు ఎన్ని వందల టక్కులు విన్నానో" అన్నారాయన.

మన దేశానికి ఈ జాకు త్వరగానే వచ్చింది. 1881లో ఇంగ్లండుకు చెందిన ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీకి ప్రభుత్వం అనుమతి ఇవ్వగా, 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజిలు అధికారికంగా ప్రారంభమయ్యాయి. న్యూ హేవెన్ తరువాత సరిగ్గా నాలుగేళ్ళు, తేదీతో సహా! నెల్లూరి వాళ్ళకు చెన్నపట్నమే రాజధానిగా ఉన్న రోజులవి. అటు తరువాత బోర్డుల స్థానంలో నెమ్మదిగా యంత్రాలు వచ్చాయి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. 1984లో సి-డాట్ స్థాపనతో పల్లెలకు తగిన ఎక్స్ఛేంజిలు ఇక్కడే తయారయ్యాయి. ట్రంకు బుక్ చేసి గంటల తరబడి కాచుకొని కూర్చునే బాధ తప్పింది. బోర్డులు పాత ఇనుము కింద పోయాయి. "మేము ఉన్నామా, పోయామా అన్నది కూడా ఎవరూ అడగలేదు" అన్నారు పెదనాన్న. అందులో ఫిర్యాదు లేదు, వాన వెలిసిందని చెప్పినట్టు చెప్పారు.

మరి గిటారులోకి ఈ జాకు ఎట్లా చేరింది? టెలిఫోను సామాను గట్టిది, పుష్కలంగా దొరికేది కనుక రేడియో, యాంప్లిఫయరు తయారీదారులు దానిని అందిపుచ్చుకున్నారు. జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలసి 1931లో నమూనా చేసి 1932లో అమ్మకానికి పెట్టిన విద్యుత్ గిటారు ఒళ్ళో పెట్టుకొని వాయించే హవాయి రకం. ఆకారాన్ని బట్టి దానిని జనం పెనం అని పిలిచారు. 1954లో లియో ఫెండర్ స్ట్రాటొకాస్టర్ వచ్చింది. జాకును గిటారు ముఖాన, పల్లపు గిన్నె వంటి రేకులో ఏటవాలుగా అమర్చడం దాని ప్రత్యేకత. చవక ఎలక్ట్రిక్ గిటార్లలో దానికి నకళ్ళు చాలా ఉన్నాయి. మా కుర్రవాడిదీ అంతే.

అన్నట్టు, గిటారు మన జిల్లాకు మరీ పరాయిదేమీ కాదు. నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో పాటకచేరీ బృందం నడిపినప్పుడు అందులో ఇళయరాజా, గంగై అమరన్ గిటారు వాయించినవారే. ఇక చర్చి పాటల సంగతి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరింది 1840లో. అప్పటి నుంచి ఈ తీరంలో పాట మారలేదు గానీ పక్కవాద్యాలు మారుతూనే ఉన్నాయి.

ఇక మరమ్మతు. రేకు మీది రెండు మరలు విప్పి పైకి లాగితే రోగమంతా కనబడింది. జాకును రేకుకు బిగించి పట్టే నట్టు వదులైంది. దాని కింద ఉండవలసిన పళ్ళ వాషరు అసలు లేదు. పుట్టుకతోనే లేదో, ఎవరైనా పారేశారో! తీగ కాలికి తగిలినప్పుడల్లా జాకు లోపల గిరగిర తిరిగింది. తిరిగిన జాకుతోపాటు దానికి అతికిన రెండు తీగలూ మెలిపడ్డాయి. తొడుగు వైపు తీగ ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆ తీగ తెగితే గిటారుకు భూమి ఉండదు. అప్పుడు ఇంటి కరెంటులోని యాభై సైకిళ్ళ రొద అంతా లోపలికి దూరుతుంది. బుర్రుమన్నది అదే. నికెలు పూత పలచన. దాని సందుల్లోంచి ఉప్పుగాలి దూరి, లోపలి ఇత్తడి మీద పచ్చటి చిలుము పేరుకుంది.

కొట్టువాళ్ళు చేసింది, కుర్రవాడు చేసింది ఒకటే పొరపాటు: వదులైన నట్టును బయటి నుంచి బిగించడం. లోపలి జాకును పట్టుకోకుండా నట్టు తిప్పితే నట్టుతోపాటు జాకూ తిరుగుతుంది, తీగలు మరింత మెలిపడతాయి. బిగించిన కొద్దీ తెగుతాయన్నమాట. రేకును విప్పి, జాకును లోపలి వైపు పట్టుకారుతో కదలకుండా పట్టి, అప్పుడు పానాతో నట్టు తిప్పాలి.

చిలుమును పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దాను. ప్లగ్గు కొసను పట్టే నాలుక వంటి రేకు సాగిపోయింది, దానిని ఒక వెంట్రుకవాసి లోపలికి వంచాను. ఎక్కువ వంచితే విరుగుతుంది. తీగల పాత కొసలు కత్తిరించి, పొర ఒలిచి, పోగులు మెలిపెట్టి, ముందుగా వాటికి టంకం పట్టించాను. మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వీధుల్లో తిరిగేవారు. తీగకు చేసేదీ అదే కళాయి, తగరమే కదా! కళాయి పట్టని తీగకు అతుకు నిలవదు. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరనుతో ఒక తీగను కొసకు, ఒకదానిని తొడుగుకు అతికించాను. రేకుల డబ్బాలు అతికే ఆమ్లపు మందు మాత్రం ఇక్కడ వాడకూడదు. నాలుగు నెలల్లో తీగను తినేస్తుంది, ఉప్పుగాలి అక్కరలేకుండానే. పళ్ళ వాషరు పాత రేడియో ఒకదాని వాల్యూము మీట దగ్గర దొరికింది.

నా ఖర్చు, టంకం ముక్కతో కలిపి, ఇరవై రూపాయలకు మించలేదు. గంటన్నర పట్టింది. అందులో గంట పెదనాన్న ప్రశ్నలకు.

కుర్రవాడు యాంప్లిఫయరు పెట్టి ప్లగ్గు దూర్చాడు. లోపలికి పోతూ అది టక్కుమంది. అరుగు మీది నుంచి, "ఎంగేజ్!" అన్నారు పెదనాన్న. వాడికి అర్థం కాక నా వైపు చూశాడు. వివరించబోతే, "ముందు వాయించనీరా, తరువాత చెప్పొచ్చు" అని ఆయనే నన్ను ఆపారు.

క్రిస్మస్ ముందటి రాత్రి బృందం మా వీధికి వచ్చేసరికి రెండు దాటింది. ఫిబ్రవరిలో నట్టు మళ్ళీ కొంచెం వదులైందట. ఈసారి వాడు నా దగ్గరకు రాలేదు. రేకు విప్పి, జాకును లోపల పట్టుకొని, వాడే బిగించుకున్నాడు.